కొత్త అక్వేరియం: మొదటి ఆరు వారాలు జాగ్రత్త

పుట్టినరోజుకో, క్రిస్మస్‌కో పిల్లలు అడిగారని చాలా కుటుంబాలవారు చేపల తొట్టి కొంటారు. షాపులో తొట్టి, రంగురాళ్లు, మోటారు, ఓ పది చేపలు అన్నీ ఒకే రోజు ఇచ్చి పంపిస్తారు. నాలుగైదు రోజులకు ఒక చేప, వారం తిరిగేసరికి మరో రెండు తేలిపోతాయి. పిల్లలు ఏడుస్తారు. చేపలకు ఏదో జబ్బు చేసిందని పెద్దలు మందు చుక్కలు తెచ్చి వేస్తారు. చాలాసార్లు అది జబ్బు కాదు. నీరు తేటగా కనిపిస్తున్నా చేపలు బతకడానికి ఇంకా సిద్ధం కాలేదు, అంతే.

మనం తిన్న మాంసకృత్తుల నుండి శరీరంలో అమ్మోనియా తయారవుతుంది. అది విషం. కాలేయం దాన్ని యూరియాగా మారిస్తే మూత్రపిండాలు బయటకు పంపుతాయి. చేపలైతే అమ్మోనియాను ఎక్కువగా మొప్పల ద్వారా నేరుగా నీటిలోకే వదులుతాయి. చెరువులో అది పలచబడిపోతుంది. గాజు తొట్టిలో ఎక్కడికి పోతుంది? మిగిలిన మేత కుళ్లినా వచ్చేది అమ్మోనియాయే.

దీన్ని శుభ్రం చేయడానికి సృష్టికర్త కంటికి కనబడని పనివారిని ఏర్పాటు చేశాడు. రాళ్ల మీద, ఫిల్టరు స్పాంజిలో పెరిగే ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. మరో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంత ప్రమాదం కాదు, అప్పుడప్పుడు కొంత నీరు మారిస్తే సరిపోతుంది. నైట్రైట్ మాత్రం చేప రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయకుండా చేస్తుంది. నైట్రేట్ ఎక్కువగా ఉన్న బావినీటితో డబ్బాపాలు కలిపి పట్టినప్పుడు కొందరు పసిబిడ్డలు నీలంగా మారడానికీ ఇదే కారణం. ఈ రెండు రకాల బాక్టీరియా చాలినంత పెరగడానికి సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది.

అసలు చేపలు లేకుండానే ఖాళీ తొట్టిలో రోజూ చిటికెడు మేత వేస్తూ, ఫిల్టరు నడుపుతూ ఆ వారాలు గడపడం మేలు. కాని చేపలు ఇప్పటికే ఇంటికి వచ్చేశాయా? రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో సుమారు 56 లీటర్లు పడతాయి. దానిలో జీబ్రా డానియో వంటి గట్టి చిన్న చేపలు మూడు నాలుగు ఉంచి మిగతావి షాపులో తిరిగి ఇచ్చేయండి. గోల్డ్‌ఫిష్ ఎక్కువ మలినం వదులుతుంది, మొదలుపెట్టడానికి అది వద్దు. రెండు నిమిషాల్లో తినేంత మేత రోజుకు ఒక్కసారి చాలు. రోజు విడిచి రోజు నాలుగో వంతు నీరు మార్చండి. అమ్మోనియా, నైట్రైట్ కొలిచే కిట్టు అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది. రెండూ కొన్నాళ్లు వరుసగా సున్నా చూపిస్తే, అప్పుడు ఒకటి రెండు చేపలు కలపవచ్చు.

మునిసిపల్ నీటిలోని క్లోరిన్ చేపలనూ బాక్టీరియానూ చంపుతుంది కనుక నీటిని బకెట్లో ఒక రోజు నిలవ ఉంచండి, లేదా క్లోరిన్ విరిచే చుక్కలు వాడండి. బోరు నీటిలో ఆ బెడద ఉండదు. అయితే క్షార గుణం ఎక్కువున్న నీటిలో, ఎండాకాలపు వేడిలో అమ్మోనియా మరింత విషమవుతుంది.

మన ఇళ్లలో రెండు అలవాట్లు చాలా నష్టం చేస్తున్నాయి. కరెంటు ఆదా అని రాత్రి ఫిల్టరు ఆపేయడం ఒకటి. ఆక్సిజన్ అందక ఆ మంచి బాక్టీరియా చచ్చిపోతుంది. రెండోది, వారానికోసారి తొట్టి మొత్తం ఖాళీ చేసి రాళ్లు తోమి ఎండలో ఆరబెట్టడం. శుభ్రత మంచిదే కాని ఇక్కడ కాదు, ఆరు వారాల పని ఒక్క పూటలో పోతుంది. స్పాంజిని కుళాయి కింద కాక, తొట్టిలోంచి తీసిన నీటిలోనే పిండండి.

ఇక మీ ఆరోగ్యం సంగతి. తొట్టిలో చేయి పెట్టేముందు కరెంటు ప్లగ్గులు తీసేయండి. నీరు తోడే గొట్టాన్ని నోటితో పీల్చవద్దు. చేతిపై పుండు, కోత ఉన్నవారు, షుగరు ఉన్నవారు రబ్బరు గ్లౌజులు వేసుకోవాలి, పని అయ్యాక అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. క్షయ క్రిములకు దగ్గరి చుట్టమైన ఒక క్రిమి చేపల తొట్లలో ఉండవచ్చు. గాటు గుండా చర్మంలో చేరితే కొన్ని వారాలకు వేలి మీదనో చేతి మీదనో ఎర్రటి గడ్డ లేస్తుంది. అది మామూలు పుండులా మానదు, నెలల తరబడి మందులు వాడవలసి వస్తుంది. ఒకరి నుండి ఒకరికి అంటదు కాబట్టి ఇంట్లోవారు భయపడనక్కరలేదు. అలాంటి గడ్డ కనబడితే డాక్టరుగారికి చూపించండి, ఇంట్లో చేపల తొట్టి ఉందని వారు అడగకపోయినా చెప్పండి.