కొనేవారెవరు? – రోజా లక్సెంబర్గ్ జీవితం, ఆలోచన

అర్థశాస్త్రమనగానే మన విద్యార్థుల మనస్సులో మెదిలేవి ఆడం స్మిత్, రికార్డో, మార్క్స్, కీన్స్ వంటి పురుషుల పేర్లే. స్త్రీలకు ఓటు హక్కు సైతం లేని కాలంలో ఆ శాస్త్రానికి మౌలికమైన ప్రశ్నను సంధించిన విదుషీమణి రోజా లక్సెంబర్గ్. ఆమెను విప్లవ నాయకురాలిగా ఎరిగినంతగా ఆర్థికవేత్తగా ఎరుగము. ఆ కొరతను కొంతైనా తీర్చడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

1871లో, రష్యా చక్రవర్తి ఏలుబడిలోని పోలండులో, ఒక యూదు కుటుంబంలో ఆమె జన్మించింది. బాల్యంలో వచ్చిన తుంటి వ్యాధి వలన జీవితాంతం కుంటుతూనే నడిచింది. స్త్రీలకు ప్రవేశమిచ్చే విశ్వవిద్యాలయాలు అరుదైన ఆ రోజులలో స్విట్జర్లాండు చేరి, పోలండు పారిశ్రామికాభివృద్ధిపై పరిశోధించి, 1897లో జూరిచ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. పిదప జర్మనీలో సోషల్ డెమోక్రటిక్ పార్టీలో పనిచేస్తూ, 1907 నుండి బెర్లిన్‌లోని పార్టీ పాఠశాలలో అర్థశాస్త్రం బోధించింది.

1913లో ఆమె ప్రధాన గ్రంథం 'మూలధన సంచయం' వెలువడింది. మన నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య జన్మించిన సంవత్సరమూ అదే. ఆ గ్రంథంలోని ప్రశ్న సరళమైనది. కార్మికుడు తన కూలితో కొంత సరుకు కొంటాడు. యజమాని తన భోగానికి కొంత వాడుకుంటాడు. మిగిలిన లాభం తిరిగి పెట్టుబడి కావాలంటే, ఆ లాభం ఇమిడియున్న సరుకు ముందు అమ్ముడుపోవాలి. దానిని కొనేదెవరు? పెట్టుబడిదారీ విధానానికి వెలుపలనున్న రైతులు, చేతివృత్తులవారు, వలసదేశాల ప్రజలు అన్నది ఆమె సమాధానం. ముడిసరుకు, కూలీలు సైతం అక్కడినుండే రావాలి. కనుక పెట్టుబడి నిరంతరం కొత్త నేలను వెదకుతుంది. చేరినచోట పాత బ్రతుకుతెరువును భంగపరుస్తుంది. బ్రిటిషువారి క్రింద మన దేశపు గ్రామసమాజాలు, ఫ్రెంచివారి క్రింద అల్జీరియా అరబ్బుల ఉమ్మడి భూములు ఎట్లు విచ్ఛిన్నమైనవో ఆమె అందులోనే వివరించింది.

ఈ సిద్ధాంతాన్ని బుఖారిన్ వంటి మార్క్సిస్టులే ఖండించారు. అయినను 1951లో వచ్చిన ఆంగ్లానువాదానికి కేంబ్రిడ్జి ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ పీఠిక వ్రాసింది.

మన నెల్లూరు తీరాన్ని చూచినా ఆ ఆలోచన ఎంత సజీవమో బోధపడుతుంది. 1990 దశకంలో ఇక్కడ రొయ్యల చెరువులు విస్తరించాయి. అవి అనేకులకు జీవనోపాధి కల్పించిన మాట నిజమే. కాని ఆ రొయ్యలను తినేవారు దూరదేశాలవారు. త్రాగునీరు ఉప్పబారినదని మొరపెట్టుకున్నవారు తీరగ్రామాల పేదలు. 1996లో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో సంప్రదాయేతర రొయ్యల చెరువులను నిషేధించింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి ఈ సాగును క్రమబద్ధం చేసింది.

ప్రశ్నించినందుకు రోజా చెల్లించిన మూల్యం అధికం. ప్రపంచయుద్ధాన్ని ఎదిరించి, యుద్ధకాలంలో అధికభాగం చెరసాలలో గడిపింది. రష్యా విప్లవాన్ని హర్షిస్తూనే, భిన్నాభిప్రాయానికి చోటివ్వని పాలనను స్వపక్షమని చూడక విమర్శించింది. 1919 జనవరి 15న బెర్లిన్‌లో సైనికులు ఆమెను హతమార్చి, శవాన్ని కాలువలో పడవేశారు. నాలుగు దినాల పిమ్మట, జనవరి 19న, జర్మనీ స్త్రీలు మొట్టమొదటిసారి జాతీయ ఎన్నికలలో ఓటు వేశారు.

విద్యార్థినీ విద్యార్థులు ఆమె సమాధానాలన్నింటినీ అంగీకరించనక్కరలేదు. కాని మన తీరంలో ఏ పరిశ్రమ వెలసినా, ఏ రేవు కట్టినా, లాభమెవరిది, నష్టమెవరిది అని లెక్క అడిగే అలవాటును ఆమెవద్ద నేర్వవచ్చునని మా అభిప్రాయం.