నిప్పు రాల్చని కరెంటు

గోదావరిఖనిలో బాయి (బొగ్గుగని) దిగే కార్మికుడి దగ్గర సెల్‌ఫోన్ ఉండకూడదు. బీడీకట్ట, అగ్గిపెట్టెతో పాటు దాన్నీ పైనే వదిలెయ్యాలి. ఇంటింటా చిప్పులున్న కాలంలో ఇదేం నియమం అనిపిస్తుంది. కారణం గనిలోని మీథేన్ గ్యాస్. గాలిలో అది 5 నుంచి 15 శాతం దాకా చేరితే పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. దాన్ని అంటించే నిప్పురవ్వకు కావలసిన శక్తి ఎంత? ఒక గ్రాము బరువు మూడు సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడితే పుట్టేంత!

ఈ భయానికి పాత కథ ఒకటుంది. 1913లో బ్రిటన్‌లోని వేల్స్‌లో, సెంఘెనిడ్ గనిలో పేలుడుకు 439 మంది కార్మికులు బలయ్యారు. గంట మోగించే సిగ్నల్ తీగల్లో పుట్టిన రవ్వే కారణమై ఉంటుందని అనుమానించారు. ఆ తర్వాతే, తీగ తెగినా గ్యాస్ అంటుకోనంత కొద్ది కరెంటుతో పరికరాలు నడవాలన్న ఆలోచన బలపడింది. వందల వోల్టులు మింగి, లోపల తీగ ఎర్రగా కాలే పాతకాలపు రేడియో వాల్వుకు ఆ షరతు కుదిరేది కాదు. 1947లో ట్రాన్సిస్టర్ వచ్చింది, దాని వెనకే చిప్పు. నాలుగైదు వోల్టులు చాలు. లోకమంతా చిప్పు తెలివిని పొగుడుతుంది. బాయి మాత్రం దాని బక్కతనాన్ని చూసి లోపలికి రానిచ్చింది.

ఒకప్పుడు గనిలో భద్రత చూసే సర్దార్ చేతిలో సేఫ్టీ ల్యాంపు ఉండేది. వత్తి తగ్గించి చూస్తే, గ్యాస్ ఉన్నచోట మంట మీద లేత నీలి టోపీ కనిపించేది. ఒకటింపావు శాతం దగ్గర ఆ టోపీ కంటికి ఆనడమే కష్టం. చిత్రమేమిటంటే, మన దేశపు నిబంధనల ప్రకారం కరెంటు ఆపెయ్యాల్సిన హద్దు సరిగ్గా ఆ 1.25 శాతమే! ఇప్పుడు అరచేతిలో పట్టే మీటరు ఆ పని చేస్తుంది. లోపల రెండు చిన్న పూసలుంటాయి. ఒకదాని మీద మీథేన్ కాలి వేడి పుడుతుంది, తీగ నిరోధం మారుతుంది, ఆ తేడాను సర్క్యూటు అంకెగా చూపిస్తుంది. సర్దార్ చూపు ఎంత చురుకైనదన్న ప్రశ్నే లేదు.

నీలిరంగు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. కార్మికుడి తలమీది పాత క్యాప్‌ల్యాంపుకు నడుముకు కట్టుకునే బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉండేది. యాసిడ్ కారితే ప్యాంటుకు చిల్లులే. ఇప్పుడు ఎల్ఈడీ దీపం, తేలికైన లిథియం బ్యాటరీ. తెల్లగా వెలిగే ఆ ఎల్ఈడీకి మూలం నీలి ఎల్ఈడీ. దానికే 2014లో జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ దక్కింది. ల్యాంపు మంట మీద నీలిరంగు కనిపిస్తే గుండె జారిన చోటే, నీలిరంగే దారి చూపుతోందన్నమాట.

తట్ట, చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన కాలం నుంచి ఎంత దూరం వచ్చామో చూడాలంటే, పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో కోసే లాంగ్‌వాల్ దగ్గరికి వెళ్లాలి. సింగరేణిలో తొలి లాంగ్‌వాల్ 1983లో గోదావరిఖని 7వ ఇంక్లయిన్‌లో మొదలైంది. 2014లో పని మొదలైన అడ్రియాల గనిలో బొగ్గు ముఖం సుమారు 250 మీటర్లు. దాని వెంట 140కి పైగా ఉక్కు ఆధారాలు పైకప్పును మోస్తాయి. కోత యంత్రం ముందుకు పోగానే అవి ఒకదాని వెనక ఒకటి దిగి, జరిగి, మళ్లీ లేస్తాయి. ఆ వరస తప్పకుండా చూసేది చిన్న కంట్రోలు పెట్టెలే.

అన్ని సిలికాన్ ముక్కలూ బక్కవి కావు సుమా! రామగుండం ఎన్టీపీసీ బొగ్గు తిని 2600 మెగావాట్లు పుట్టించగలదు. ఆ కరెంటు గోదావరి దాటి మహారాష్ట్రకు పోవాలంటే చాలాకాలం పెద్ద చిక్కు. దక్షిణాది గ్రిడ్‌లో ఏసీ కరెంటు ఊగే తాళం వేరు, పశ్చిమ గ్రిడ్ తాళం వేరు. అందుకని 1990ల చివర్లో చంద్రపూర్ జిల్లా భద్రావతి దగ్గర 1000 మెగావాట్ల కేంద్రం కట్టారు. ఏసీ కరెంటును థైరిస్టర్లనే పెద్ద సిలికాన్ ముక్కలు డీసీగా మార్చి, అక్కడికక్కడే మళ్లీ ఏసీగా చేసి అవతలి గ్రిడ్‌లోకి పంపేవి. దక్షిణాది గ్రిడ్ దేశంలోని మిగతా గ్రిడ్‌తో ఒకే తాళంలోకి వచ్చింది 2013 డిసెంబర్ 31న, రాయచూర్–షోలాపూర్ లైనుతో.