పోలీసులున్నారుగా, కాలేజీకేం పని?

తోటి విద్యార్థి మీద లైంగిక దాడి ఫిర్యాదు రాగానే చాలా కాలేజీలకు రెండే దారులు తోస్తాయి. ఒకటి, ‘అది పోలీసుల పని, మాకేం సంబంధం?’ అని తప్పుకోవడం. రెండోది, ఇరువైపులా పెద్దల్ని పిలిపించి ‘పిల్ల భవిష్యత్తు, కాలేజీ పరువు’ అంటూ రాజీ కుదర్చడం. రెండూ తప్పే, రెండోది మరీ ఘోరం. అత్యాచారం రాజీతో ముగిసే కేసు కాదని సుప్రీంకోర్టు 2013లోనూ స్పష్టంగా చెప్పింది. అయినా పరువంతా ఆడపిల్ల దగ్గరే ఉందన్న మూఢనమ్మకం ప్రిన్సిపాల్ గదుల్లో ఇంకా రాజ్యమేలుతోంది.

పోలీసులుండగా కాలేజీ విచారణ ఎందుకంటే, ఆర్టీసీనే చూడండి. బస్సు ప్రమాదం చేస్తే పోలీసులు కేసు పెడతారు. అంతమాత్రాన డిపో మేనేజరు ‘కోర్టు తీర్పు వచ్చాక చూద్దాం’ అని కూర్చోడు. డ్రైవరును బండి దించి శాఖాపరమైన విచారణ మొదలుపెడతాడు. కోర్టు తేల్చేది నేరం, దానికి సహేతుకమైన సందేహానికి తావులేని రుజువు కావాలి. డిపో తేల్చేది ఇతని చేతికి మళ్లీ స్టీరింగు ఇవ్వొచ్చా అన్నది. దానికి ఉన్న ఆధారాలు ఎటు మొగ్గుతున్నాయో చూస్తే చాలు. తప్పు లేదని తేలితే డ్రైవరు మళ్లీ డ్యూటీ ఎక్కుతాడు. అప్పటిదాకా బండి దించడం శిక్ష కాదు, ప్రయాణికుల భద్రత.

కాలేజీలో ఆ విచారణ చేయాల్సింది అంతర్గత ఫిర్యాదుల కమిటీ. 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2016లో యూజీసీ నోటిఫై చేసిన నిబంధనలు దాన్ని తప్పనిసరి చేశాయి. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలై ఉండాలి, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి. విద్యార్థుల వ్యవహారమైతే ఎన్నికైన విద్యార్థులు ముగ్గురు కూర్చోవాలి. రిజిస్ట్రార్లు, డీన్లు, శాఖాధిపతులు అందులో ఉండకూడదు. ఫిర్యాదు నకలు ఏడు రోజుల్లో ఆరోపణ ఎదుర్కొంటున్న అబ్బాయికి అందాలి, జవాబుకు పది రోజులు, విచారణకు 90 రోజులు. అతని మాట వినకుండా తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆరోపణ రుజువు కానంత మాత్రాన ఆమెది తప్పుడు ఫిర్యాదు అనే హక్కూ లేదు.

ఆ 90 రోజులూ ఆమె ఎలా బతకాలన్నదే అసలు ప్రశ్న. అదే సెక్షన్, అదే ల్యాబ్ బ్యాచ్, అదే మెస్ క్యూ. సాధారణంగా ఏం చేస్తారు? ‘నువ్వు కొన్నాళ్లు ఇంటికెళ్లమ్మా’ అంటారు. హాజరు పోయేది ఆమెకు, ఇంటర్నల్స్ పోయేవీ ఆమెకే. సెక్షన్ మార్చే అధికారం, దూరంగా ఉండమని అతన్ని హెచ్చరించే అధికారం నిబంధనల్లోనే ఉన్నాయి. మారాల్సి వస్తే ముందు అబ్బాయి సెక్షన్, అతని హాస్టల్ బ్లాకు మార్చాలి. హాస్టల్ గేటు సీసీటీవీ దృశ్యాలు కొద్ది వారాల్లో చెరిగిపోతాయి. వాటిని ఫిర్యాదు అందిన రోజే భద్రపరచాలి.

పద్దెనిమిది నిండిన యువతి ఠాణాకు వెళ్లాలా వద్దా అన్నది ఆమె నిర్ణయం. వెళ్తానంటే తోడు నిలవడం కాలేజీ బాధ్యత. జీరో ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్లోనైనా నమోదు చేయించవచ్చు. చికిత్స ఏ ఆసుపత్రైనా ఉచితంగా చేయాల్సిందే.

ఇంటర్ కాలేజీల లెక్క వేరు. పదహారు, పదిహేడేళ్ల పిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటుంది. దాచడమే నేరం.

అడ్మిషన్ రోజున ఫీజు, ర్యాంకులు అడిగే తల్లిదండ్రులారా, ఫిర్యాదుల కమిటీలో ఎవరెవరున్నారో కూడా అడగండి. పేర్లు చెప్పలేని కాలేజీలో పిల్లల్ని చేర్చే ముందు మరోసారి ఆలోచించండి.