పుట్టగొడుగులు ఉప్పునీటిలో నిలవ చేయడం

ఫిలడెల్ఫియాకు ఇంచుమించు గంట ప్రయాణంలో ఉన్న కెన్నెట్ స్క్వేర్‌ను ఈ దేశంలో పుట్టగొడుగుల రాజధాని అంటారు. ఆ చుట్టుపక్కల మనవాళ్ళు పెట్టెతో కొని తెచ్చి, వారం తిరగకుండా అవి నల్లబడుతుంటే బాధపడుతూ ఉంటారు. నిలవ చేసుకునే మార్గం ఉంది.

“ఊరగాయలు పెట్టిన చేతులకు ఇదో లెక్కా!” అన్న ధీమా మాత్రం పనికిరాదు. ఆవకాయను కాపాడేది ఉప్పొక్కటే కాదు, మామిడికాయ పులుపు కూడా. పుట్టగొడుగులో ఆ పులుపు లేదు. మనం పోసే పలచని ఉప్పునీరు రుచికే గాని రక్షణకు చాలదు. గాలి చొరని సీసాలో బోటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమి పెరుగుతుంది. దాని బీజాలు మరిగే నీళ్ళకు చావవు. 1973లో ఇక్కడ ఫ్యాక్టరీ డబ్బాల్లోనే ఆ విషం బయటపడి సరుకు వెనక్కి తీసుకున్నారు.

అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే పద్ధతి ఇది. గొడుగు విప్పారని, మచ్చలేని చిన్నవి ఏరుకోవాలి. పైంటు సీసాకు సుమారు 2 పౌన్లు పడతాయి. కాడల చివర్లు కోసి, చన్నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి, మంచినీళ్ళతో కడగాలి. పెద్దవి ముక్కలు చేసి, మునిగేటన్ని నీళ్ళలో 5 నిమిషాలు ఉడికించాలి. వేడి సీసాల్లో నింపి, పైంటుకు అర టీస్పూను ఉప్పు వేసి, వేరే మరిగిన నీళ్ళు పోయాలి. పైన అంగుళం ఖాళీ ఉంచాలి. రంగు చెడకుండా 500 మిల్లీగ్రాముల విటమిన్ సి మాత్ర ఒకటి వేయవచ్చు.

తరువాత ప్రెషర్ కానర్‌లో 45 నిమిషాలు ఉంచాలి. బరువు పెట్టే రకమైతే 10 పౌన్ల ఒత్తిడి, ముల్లు తిరిగే రకమైతే 11. ఎత్తు ప్రదేశాల్లో ఒత్తిడి పెంచాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న కుక్కరు దీనికి పనికిరాదు. అది త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది, ఈ లెక్కలు దానికి వర్తించవు. కానర్ లేనివారు వేయించి ఫ్రీజరులో పెట్టుకోవడం మేలు.

అడవిలో ఏరినవాటిని ఇలా నిలవ చేయకూడదు. మూత ఉబ్బినా, వాసన తేడాగా ఉన్నా రుచి చూడకుండా పారవేయాలి. బాగున్నవాటిని కూడా 10 నిమిషాలు మరిగించాకే కూరలో వేద్దాం. రెండు డాలర్ల సరుకు కోసం ఇంటిల్లిపాదినీ ప్రమాదంలో పెట్టుకోవద్దని సోదరీ సోదరులకు మా మనవి.