వంటవాని కంటికి కానరానిది: ఆహార భద్రతా శిక్షణలోని శాస్త్రము

అనుభవముగల వంటవాడు అన్నము ఉడికినదో లేదో ఒక్క మెతుకు పట్టి చూచి చెప్పగలడు. పప్పు అడుగంటుచున్న సంగతి వాసననుబట్టి గ్రహించును. పులుసులో ఉప్పు చాలినదో లేదో అరచేతిలో ఒక చుక్క వేసికొని నాకి తెలిసికొనును. కన్ను, ముక్కు, నాలుక, ఈ మూడే అతని పరికరములు. తరతరములుగా వీనితోనే వంట సాగుచున్నది. కాని ఒక ప్రశ్నకు మాత్రము ఇవి సమాధానము చెప్పజాలవు. ఈ పదార్థము తిన్నవారికి జబ్బుచేయునా, చేయదా?

ఆహారమును పాడుచేయు సూక్ష్మజీవులు వేరు, మనుష్యునకు జబ్బు తెచ్చునవి వేరు. మొదటివి కంపు పుట్టించును, జిగురు కట్టించును, రంగు మార్చును. రెండవవానిలో పెక్కు ఇట్టి గుర్తు నొకదానినైన చూపవు. కంపుకొట్టు పప్పును ఎవరును తినరు. ఘుమఘుమలాడు పలావులోనే ప్రమాదము పొంచి యుండవచ్చును.

ఈ ప్రమాదము చిన్నది కాదు. కలుషితమైన ఆహారమువలన ప్రపంచములో ఏటా 60 కోట్లమంది జబ్బుపడుచున్నారనియు, 4 లక్షల 20 వేలమంది మరణించుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసినది. ఆ మృతులలో దాదాపు మూడవవంతు అయిదేండ్లలోపు పిల్లలు. ఇంటిలో పొరపాటు జరిగినచో నలుగురు బాధపడుదురు. హోటలులో జరిగినచో ఆ పూట అచట భోజనము చేసిన వందలమంది బాధపడుదురు. అందుచేతనే హోటలు పనివారికి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, ధ్రువపత్రము నొసగు పద్ధతి అనేక దేశములలో ఏర్పడినది. నేడు ఈ శిక్షణ ఇంటర్నెట్ ద్వారా, చేతిలోని ఫోనులోనే లభించుచున్నది. ఇందులో నేర్పునదేమి? దానికి ఆధారమైన శాస్త్రమేది?

రెట్టింపుల లెక్క

అనుకూల పరిస్థితులలో పెక్కు బాక్టీరియములు ఇరువది నిమిషములకొకసారి రెండుగా చీలును. ఒక్క బాక్టీరియముతో లెక్క ప్రారంభింతము. గంటకు మూడు రెట్టింపులు, కనుక గంట గడచునప్పటికి 8 అగును. నాలుగు గంటలకు 4,096 అగును. ఏడు గంటలకు ఇరువదియొక్క రెట్టింపులు జరిగి 20 లక్షలు దాటును. ఉదయము పదిగంటలకు వండి మూతపెట్టిన కూర సాయంకాలము అయిదుగంటలకు చూపునకు ఎట్లున్నదో అట్లే యుండును. కాని అది ఉదయపు కూర కాదు.

ఈ పెరుగుదల ఉష్ణోగ్రతపై ఆధారపడి యుండును. ఇంచుమించు 5 డిగ్రీల సెంటిగ్రేడునకును 60 డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు చురుకుగా వృద్ధిపొందును. దీనికే ప్రమాద మండలమని పేరు. 5 డిగ్రీలకు దిగువ వాని వృద్ధి మిక్కిలి మందగించును. 60 డిగ్రీలకు పైన సాధారణముగా ఆగిపోవును. కనుక శిక్షణలో మొదటి పాఠము ఇది: వేడి పదార్థమును వేడిగా, అనగా 60 డిగ్రీలకు పైన ఉంచుము; చల్లని పదార్థమును చల్లగా, అనగా 5 డిగ్రీలకు మించకుండ ఉంచుము. మన ఊళ్ళలో వేసవినాటి వంటశాల వేడి 40 డిగ్రీలకు చేరుట అరుదు కాదు. అది ప్రమాద మండలమునకు నట్టనడుమ.

మరల వేడిచేసిన చాలదా?

"మరొకసారి బాగుగా కాచినచో అన్నియు చచ్చిపోవును గదా" అని చాలమంది తలంతురు. ఈ నమ్మకము సగమే నిజము. దీనిని 1970 దశకములో బ్రిటన్‌లో వెలుగులోనికి వచ్చిన కొన్ని సంఘటనలు రుజువుచేసినవి. అచటి చైనా తరహా హోటళ్ళలో అన్నము పెద్దమొత్తములో వండి, బయటనే ఆరబెట్టి, తరువాత నూనెలో వేయించి వడ్డించుచుండిరి. వేడివేడిగా తిన్నవారు కొద్ది గంటలలోనే వాంతులతో పడిపోయిరి.

కారణము బాసిలస్ సీరియస్ అను బాక్టీరియము. ఇది నేలలో నుండును, బియ్యముతోపాటు వంటశాలకు చేరును. కష్టకాలములో ఇది గట్టి పొరగల సిద్ధబీజముగా మారును. ఈ సిద్ధబీజములు ఎసరులో ఉడికినను చావవు. అన్నము చల్లారుచుండగా మొలకెత్తి, వృద్ధిపొంది, ఒక విషపదార్థమును విడుచును. తరువాత పెనముపై వేయించినచో బాక్టీరియములు చచ్చును గాని, ఆ విషము వేడికి చెడదు. చీడపురుగును చంపినను అది కొరికిన ఆకు తిరిగి రానట్లే యిదియు.

మన చద్దన్నము సంగతి యేమని అడుగవచ్చును. రాత్రి మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నములో పుట్టు ఆమ్లము అనేక సూక్ష్మజీవుల వృద్ధిని అరికట్టును. పులియబెట్టక ఊరక బయట ఉంచిన అన్నమునకు ఇట్టి రక్షణ లేదు.

పెద్ద గంగాళముతో చిక్కు

వండినదానిని త్వరగా చల్లార్చవలెను. అమెరికా ఆహార నియమావళి ప్రకారము, పదార్థము 57 డిగ్రీలనుండి 21 డిగ్రీలకు రెండు గంటలలో దిగవలెను. మొత్తము ఆరు గంటలలో 5 డిగ్రీలకు చేరవలెను. మొదటి అంచెకు తక్కువ వ్యవధి యిచ్చుటకు కారణము సులభముగానే తెలియును. సూక్ష్మజీవులు మిక్కిలి వేగముగా పెరుగు ఉష్ణోగ్రతలు ఆ నడుమనే యున్నవి.

ఇక్కడ భౌతికశాస్త్రము అడ్డుపడును. చిక్కని పదార్థములో వేడి ఉష్ణవహనముచేత నడిమినుండి అంచునకు మెల్లగా ప్రాకును. అట్లు చల్లారుటకు పట్టు కాలము దాదాపు దాని మందముయొక్క వర్గమునుబట్టి పెరుగును. 5 సెంటీమీటర్ల లోతున పోసిన పప్పుకంటె 20 సెంటీమీటర్ల లోతున పోసిన పప్పు నాలుగింతల మందము. కాని అది చల్లారుటకు నాలుగింతలు కాదు, దాదాపు పదునారింతల కాలము పట్టును. గంగాళమును అట్లే ఫ్రిజ్‌లో పెట్టినను నడిమి భాగము గంటలకొలది గోరువెచ్చగానే యుండును. అందుచేత వెడల్పైన లోతు తక్కువ పళ్ళెములలో పలుచగా పరచుడని శిక్షణలో చెప్పుదురు.

చేతులు, కత్తిపీటలు

పచ్చి కోడిమాంసము తరిగిన పీటమీదనే ఉల్లిపాయలు, కీరదోసకాయలు తరిగినచో మాంసములోని సాల్మొనెల్లా వంటి బాక్టీరియములు వానికంటును. మాంసము పొయ్యిమీద ఉడుకును. ఉల్లిపాయముక్కలు మాత్రము పచ్చివిగానే బిర్యానీ ప్రక్కన చేరును. పచ్చిగ్రుడ్లతో చేయు మయోనైజ్‌లోను చిక్కు ఇదియే, దానిని పొయ్యిపై ఉడికించుట యుండదు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వము పచ్చిగ్రుడ్ల మయోనైజ్ తయారీని, నిల్వను, అమ్మకమును ఒక సంవత్సరముపాటు నిషేధించినది.

పనివాని శరీరముకూడ సూక్ష్మజీవులకు నెలవు కావచ్చును. ఇందుకు మేరీ మాలన్ కథ ప్రసిద్ధమైన ఉదాహరణము. ఆమె న్యూయార్కు ప్రాంతపు ధనికుల ఇండ్లలో వంటకత్తె. ఆమె పనిచేసిన ఇండ్లలో వరుసగా టైఫాయిడ్ జ్వరములు వచ్చెను. ఆమె మాత్రము ఆరోగ్యముగనే యుండెను. 1907లో అధికారులు ఆమె టైఫాయిడ్ బాక్టీరియములను మోయుచున్నదని కనుగొని వేరుగా నిర్బంధించిరి. ఇక వంటపని చేయనని మాటపుచ్చుకొని 1910లో విడిచిపెట్టిరి. కాని ఆమె 1915లో మారుపేరుతో ఒక ప్రసూతి ఆస్పత్రిలో వండుచుండెను. అచట 25 మందికి టైఫాయిడ్ సోకి ఇద్దరు మరణించిరి. ఆమె 1938లో మరణించువరకు నిర్బంధములోనే గడపినది. జబ్బెరుగని తననుండి జబ్బు వ్యాపించునన్న మాటను ఆమె చివరివరకు నమ్మలేదు. ఆజ్ఞాపించుట యొకటి, నచ్చజెప్పుట మరియొకటి. శిక్షణకు పని పడునది ఇక్కడనే.

చట్టము, పరీక్ష, పత్రము

మన దేశములో 1954 నాటి ఆహార కల్తీ నిరోధక చట్టము ప్రధానముగా కల్తీపై దృష్టి నిలిపినది. దాని స్థానములో వచ్చిన 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము వంటశాల శుభ్రతనుండి పనివారి శిక్షణవరకు అన్నిటిని ఒక్క గొడుగు క్రిందికి తెచ్చినది. ఈ చట్టము ననుసరించి ఏర్పడిన భారత ఆహార భద్రత, ప్రమాణముల సంస్థ 2017లో 'ఫోస్టాక్' అను శిక్షణ కార్యక్రమమును ప్రారంభించినది. కేంద్ర, రాష్ట్ర లైసెన్సులు గల ఆహార వ్యాపారములలో ప్రతి 25 మంది పనివారికి శిక్షణ పొందిన పర్యవేక్షకు డొకడైన ఉండవలెనన్నది దీని ఆశయము. అతడు తాను నేర్చినది తోడివారికి నేర్పును. పత్రమునకు రెండేండ్లు గడువు.

ఇంటర్నెట్ శిక్షణవలన లాభములు స్పష్టమైనవే. పనివాడు విరామవేళలో పాఠము వినవచ్చును, అర్థము కానిచోట మరల వినవచ్చును, ప్రయాణపు ఖర్చు లేదు. కాని ప్రశ్నకు సరియైన జవాబు గుర్తించుట వేరు, రద్దీవేళ ఆ పని చేయుట వేరు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రములో హోటలు పనివారికి ఆహార కార్డు ఉండవలెనని 1957లోనే చట్టము చేసిరి. అయినను 1992 చివరనుండి 1993 మొదటివరకు ఆ రాష్ట్రములోను మరి మూడు రాష్ట్రములలోను, చాలినంత ఉడకని హాంబర్గరు మాంసము తిని 700 మందికి పైగా జబ్బుపడిరి. నలుగురు పిల్లలు మరణించిరి. పనివారికి కార్డులుండిన చోటనే ఇది జరిగినది. మాంసము నడుమ ఎంత వేడి చేరినదో కార్డు చెప్పలేదు, ఉష్ణమాపకమే చెప్పవలెను.

మరియొక చిక్కు కలదు. విరేచనములు పట్టుకొన్నవాడు వంటశాలకు రాకూడదని ప్రతి శిక్షణలోను నేర్పుదురు. ఆ సంగతి అతనికి తెలియును. కాని రానినాటి కూలి పోవునన్నచో అతడు జబ్బును దాచిపెట్టును. ఆ దినపు కూలి ఇచ్చి ఇంటికి పంపు యజమాని యున్నచోటనే ఆ పాఠము ఆచరణలోనికి వచ్చును. చదువవలసినది పనివాడు మాత్రమే కాదు.

పాఠశాలలో ఒక ప్రయోగము

పైన చెప్పిన చల్లారు సూత్రమును ఉన్నత పాఠశాలలోనే పరీక్షింపవచ్చును. ఉపాధ్యాయుడు చిక్కని గంజి కాచి, ఒక లోతైన గిన్నెలో నిండుగా పోయవలెను. అంతే గంజిని వెడల్పైన పళ్ళెములో పలుచగా పోయవలెను. రెండింటిని కలియబెట్టక, ఉష్ణమాపకమును పదార్థపు నడిమికి చేర్చి, అయిదు నిమిషములకొకసారి ఉష్ణోగ్రత వ్రాయించవలెను. కాలమును అడ్డగీతపైన, ఉష్ణోగ్రతను నిలువుగీతపైన గుర్తించి రేఖాచిత్రములు గీయించవలెను. 60 డిగ్రీలనుండి 40 డిగ్రీలకు దిగుటకు ఒక్కొక్కటి ఎంతకాలము తీసికొన్నదో పోల్చి, ఇరువది నిమిషములకొక రెట్టింపు చొప్పున ఆ వ్యవధిలో ఒక బాక్టీరియము ఎన్ని కాగలదో లెక్క కట్టించవలెను. ప్రయోగము ముగిసిన పిదప గంజిని పారబోయవలెను, ఎవరును త్రాగరాదు.

ఈ రెండు రేఖలను గీసిన విద్యార్థి ఇంటికిపోయి, మూతపెట్టి పొయ్యిప్రక్కన ఉంచిన పులుసుగిన్నెను మరియొక దృష్టితో చూచును. హోటలు పనివాని శిక్షణ కోరునదియు ఆ దృష్టినే. అది కుదిరిన వంటవానికి కన్ను, ముక్కు, నాలుకలతోపాటు నాల్గవ పరికరముగా ఉష్ణమాపకము చేరును.