రొట్టెకు మజ్జిగ... భక్ష్యాలకు చారు!

మాంసానికి ఎర్ర వైనా, చేపకు తెల్ల వైనా... ఫ్రాన్సులో భోజనాల బల్ల దగ్గర ఇదో పెద్ద చర్చ. ఏ వంటకు ఏది జోడీ కుదురుతుందో చెప్పడానికి పుస్తకాలకు పుస్తకాలే ఉన్నాయి. మరి మన ఆదోనిలో, ఎమ్మిగనూరులో? జొన్నరొట్టె, గురెళ్ల కారం, నూనె తేలే వంకాయ కూర... వీటి పక్కన ఏం తాగాలో రాసిపెట్టిన పుస్తకం కనపడదు. ఆ లెక్కంతా అవ్వల చేతుల్లో ఉంది.

ఇంట్లో వైన్ పెట్టుకునే అలవాటు ఈ చుట్టుపక్కల అసలు లేదనుకోకండి. ఆదోని మీదుగా వెళ్లే రైలు మార్గంలోనే ఉంది గుంతకల్లు. ఆ రైల్వే ఊళ్లో ఆంగ్లో ఇండియన్ కుటుంబాలుండేవి. క్రిస్మస్‌కు నల్లద్రాక్షను పంచదారతో జాడీలో పులియబెట్టి, ప్లమ్ కేకుతో పాటు చిన్న చిన్న గ్లాసుల్లో పోసివ్వడం వాళ్ల ఆచారం. చట్టం మాటకొస్తే, లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం మన రాష్ట్రంలో నేరం. కాబట్టి మనం పులియబెట్టే వాటి సంగతే చూద్దాం!

నిజానికి మన కారానికి వైన్ సరిజోడు కాదు కూడా. మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు. వైన్‌లో ఉండేపాటి ఆల్కహాల్ ఆ మంటను ఇంకాస్త రాజేస్తుందే తప్ప ఆర్పదు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ మాత్రం దాన్ని పట్టుకుని నాలుక మీంచి తోసేస్తుంది. జొన్నరొట్టె, కారప్పొడి తిన్నాక ఓ గ్లాసు మజ్జిగ పడితే ప్రాణం లేచొచ్చేది అందుకే. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినగానే వేడివేడి టీ తాగేవాళ్లను చూస్తే జాలేస్తుంది. వేడికీ కారానికీ నోట్లో స్పందించే గ్రాహకం ఒకటే, మంట రెట్టింపవుతుంది. అయినా ఆ అలవాటు మానమంటే హోటళ్ల ముందు గొడవలైపోతాయేమో!

ఉగాది భోజనంలో జోడీ మరీ ముచ్చటైనది. భక్ష్యాల కోసం శనగపప్పు ఉడికించి వార్చిన కట్టును పారబోయరు. చింతపండు, కారం, పోపు వేసి చారు కాస్తారు. పూర్ణం తీపి మొహం మొత్తేలోపు ఆ పులుపు వచ్చి నాలుకను కడిగేస్తుంది. పప్పు ఒకటే. అందులోంచి తీపీ వచ్చింది, దానికి విరుగుడూ వచ్చింది.

ఇక అసలు సిసలు ఇంటి పులుపు అంబలిదే. రాగిపిండిలో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పులియబెడితే అందులోని ఫైటేట్లు తగ్గి ఇనుము, జింకు ఒంటికి బాగా పడతాయి. ఎండాకాలం పొలానికి వెళ్లేవాళ్లకు ఇదే అన్నం, ఇదే నీళ్లు. నంజుకోడానికి ఉల్లిగడ్డ, వేయించిన మజ్జిగ మిరపకాయ ఉంటే చాలు.

అయితే ఆ కుండ ఇప్పుడు ఎన్ని ఇళ్లలో ఉంది? 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదింట్లోనూ అన్నం ఉడికింది. అది మంచికే. కానీ సంగటి, రొట్టెలతో పాటు అంబలీ వెనక్కి జరిగింది. దాని చోట్లోకి కూల్‌డ్రింకు సీసా వచ్చి కూర్చుంది. మూడొందల మిల్లీలీటర్ల కోలాలో సుమారు ముప్పై గ్రాముల చక్కెర ఉంటుంది. కారం కూరతో ఆ గ్యాసు నోటిని ఇంకా చురుక్కుమనిపిస్తుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. నగరాల్లో బండ్ల మీద రాగిజావ గ్లాసులు వెలిశాయి. పులుపే లేని జావ ఎంత మంచిదైనా మన అంబలి కాదు.

ఇంకో సంగతుంది. ఈ పడమటి మండలాల నుంచి చాలా కుటుంబాలు ఏటా మిరప కోతలకని గుంటూరు వైపు వలసపోతాయి. కొందరి పిల్లలు అవ్వాతాతల దగ్గరే మిగిలిపోతారు. అమ్మ తిరిగొచ్చేదాకా వాళ్లకు వంట నేర్పేది, నాలుకకు రుచి అలవాటు చేసేది ఆ అవ్వే. పిండి ఎంతసేపు పులియాలో ఆమె వాసన చూసి చెప్పేస్తుంది. అది పక్కన కూర్చుని నేర్చుకోవాల్సిందే.

రాత్రి భోజనానికి అంబలి కావాలంటే పొద్దున్నే మొదలుపెట్టండి. నాలుగు చెంచాల రాగిపిండిని గ్లాసు నీళ్లలో కలిపి మూతపెట్టండి. ఎండాకాలమైతే సాయంత్రానికి సన్నని బుడగలు, కమ్మని పుల్లటి వాసన వస్తాయి. మూడు గ్లాసుల నీళ్లు ఉప్పేసి మరిగించి, ఆ పిండిని పోసి, ఉండ కట్టకుండా తిప్పుతూ సన్నమంట మీద పది నిమిషాలు ఉడకనివ్వండి. పూర్తిగా చల్లారాకే మజ్జిగ కలపాలి. వేడి మీద పోస్తే విరిగిపోతుంది. సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర పైన చల్లి, రొట్టెలు కాలుస్తుండగానే గ్లాసుల్లో పోసేయండి.