గొట్టం పొడవులో దాగిన లెక్క

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో తెల్లతోక జింకను రివాల్వర్‌తో వేటాడవచ్చు. అయితే చేతిలో లైసెన్సు ఒక్కటే ఉంటే చాలదు. గొట్టం కనీసం 5 అంగుళాల పొడవుండాలి. తూటా వ్యాసం .357 అంగుళానికి తగ్గకూడదు. మందు నింపే ఇత్తడి గుల్ల మెడ దగ్గర సన్నబడకుండా తిన్నగా ఉండాలి. ఇల్లినాయ్ రాష్ట్రం ఇంకో షరతు పెట్టింది. గొట్టం దాటే క్షణాన తూటాలో కనీసం 500 అడుగు-పౌండ్ల శక్తి, మన పాఠాల్లో చదువుకున్న కొలతలో దాదాపు 678 జౌళ్లు, ఉండాలంటుంది.

మన దగ్గర ఈ ప్రశ్నే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులు ఇచ్చేది. 1991 సవరణతో అవి పోయాయి. సీతంపేట, పాలకొండ, కురుపాం, సాలూరు కొండల్లో చుక్కల దుప్పినో కణుజునో వేటాడటానికి చట్టం ఒప్పుకునే తుపాకీ అంటూ ఏదీ లేదు. అయినా ఆ అమెరికా అంకెల గురించి ఇక్కడ చెప్పుకోవాలనిపించింది. కాలిస్తే జంతువు ఎంత త్వరగా ప్రాణం విడవగలదో చెప్పే అంకెలవి. వాటిని దగ్గర పెట్టుకుని మన మన్యంలో దొంగచాటుగా పేలే నాటు తుపాకీని చూస్తే, అది దుప్పికి ఎంత నరకం చూపిస్తోందో లెక్క కట్టి మరీ తెలుస్తుంది.

దుప్పి ఎలా చనిపోతుందన్న దగ్గర మొదలుపెడదాం. సినిమాల్లోలాగా గుండు తగలగానే జంతువు ఎగిరి పడదు. మెదడుకో వెన్నుకో తగిలితే తప్ప, చావు వచ్చేది నెత్తురు పోవడం వల్లే. గుండె, ఊపిరితిత్తులు చీలితే మెదడుకు నెత్తురు ఆగిపోతుంది. అప్పటికే మెదడులో ఉన్న ప్రాణవాయువు పది పదిహేను సెకన్లు సరిపోతుంది. బెదిరిన దుప్పి ఆ కాస్త సమయంలోనే వంద మీటర్లకు పైగా పరుగెత్తగలదు. కాబట్టి గుండు రెండు పనులు చేయాలి: చర్మం, పక్కటెముక దాటి ఛాతీ లోపలి దాకా దిగాలి, పోయిన దారిలో వెడల్పైన రంధ్రం చేయాలి. సెకనుకు 600 మీటర్లు దాటిన రైఫిల్ తూటా తన చుట్టూ ఉన్న కండను కూడా ఒక్కసారిగా పక్కకు నెట్టి చింపేస్తుంది. పిస్తోలు తూటాకు అంత వేగం ఉండదు. అది తాకినంత మేరకే గాయం. తూటా వ్యాసానికి చట్టం కనీస హద్దు పెట్టింది అందుకే.

ఇక శక్తి. బరువులో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే వచ్చేదే. మన దేశంలో పౌరులు ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకుని కొనుక్కునే చేతి తుపాకుల్లో బాగా తెలిసినది కాన్పూర్‌లో తయారయ్యే .32 రివాల్వర్. దాని తూటా బరువు ఆరున్నర గ్రాములకు కాస్త తక్కువ, వేగం సెకనుకు 215 మీటర్ల చుట్టుపక్కల. గుణిస్తే దాదాపు 150 జౌళ్లు. ఇల్లినాయ్ అడిగినదాంట్లో పావు వంతు కూడా లేదు. గొట్టం 3 అంగుళాలే కాబట్టి ఒహాయోలోనూ పనికిరాదు. 1935లో వచ్చిన .357 మ్యాగ్నం తూటా పది గ్రాములకు పైగా తూగుతుంది, మంచి పొడవున్న గొట్టం నుంచి సెకనుకు 375 మీటర్ల వేగంతో వస్తుంది. దాని శక్తి 700 జౌళ్లు దాటి, గీత పైన కొద్దిగా నిలబడుతుంది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు వచ్చిన .44 మ్యాగ్నం దాదాపు 1200 జౌళ్లు ఇస్తుంది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది గొట్టమే. మందు ఒక్కసారిగా మండిపోదు. మండుతూ వాయువు పుట్టిస్తూ ఉంటుంది. గుండు గొట్టంలో ఉన్నంతసేపే ఆ వాయువు దాన్ని నెట్టగలదు. బయటికి వచ్చిందంటే నెట్టడం అయిపోయినట్టే. పొట్టి గొట్టంలో సగం మండిన మందు మూతి దగ్గర పెద్ద మంటగా, చప్పుడుగా వృథా అయిపోతుంది. రివాల్వర్‌లో ఇంకో నష్టం ఉంది. తూటాలుండే గుండ్రటి చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నని సందులోంచి కొంత వాయువు పక్కకు జారిపోతుంది. అలా అని పొడవు పెంచినకొద్దీ లాభం అంతే పెరగదు. గుండు ముందుకు పోయేకొద్దీ వెనకున్న వాయువు విస్తరించి ఒత్తిడి తగ్గుతూ వస్తుంది.

1967లో థాంప్సన్ సెంటర్ అనే కంపెనీ కంటెండర్ అనే పిస్తోలు తెచ్చింది. ఒక్క తూటానే పట్టేది. కానీ పిడి అలాగే ఉంచి గొట్టాలు మార్చుకోవచ్చు: పది అంగుళాలది, పద్నాలుగు అంగుళాలది, చిన్న తూటాకొకటి, రైఫిల్ తూటాకొకటి. నెమ్మదిగా మండే మందు నింపిన రైఫిల్ తూటాను పది అంగుళాల గొట్టంలో కాలిస్తే దాని బలంలో చెప్పుకోదగ్గ భాగం గాలిలో మంటైపోతుంది. తూటాకు తగ్గ గొట్టం, గొట్టానికి తగ్గ మందు కుదరాల్సిందే. అమెరికా వేటగాళ్లు ఈ ఎంపిక గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారంటే ఆశ్చర్యం లేదు.

గురి సంగతి మరిచిపోకూడదు. చేతి తుపాకీలో వెనక గురికీ ముందు గురికీ మధ్య దూరం 15 సెంటీమీటర్లనుకుందాం. ముందు గురి ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే, 50 మీటర్ల దూరంలో గుండు 33 సెంటీమీటర్లు తప్పుతుంది. అదే పొరపాటు 60 సెంటీమీటర్ల దూరమున్న రైఫిల్‌లో జరిగితే తప్పేది 8 సెంటీమీటర్లే. దుప్పి గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు మొత్తం ఒక జాన వెడల్పుకు మించదు. పొట్టి గొట్టంతో చేయి వణికిందంటే గుండు పోయేది పొట్టలోకి. పొట్టలో గుండు దిగిన దుప్పి గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి పొదల్లో పడి బాధపడుతూ చస్తుంది.

అంత జాగ్రత్తగా కింది హద్దులు పెట్టిన చట్టమే పై హద్దు కూడా పెట్టింది. తిన్నని గుల్లలో మెడ సన్నబడ్డ రైఫిల్ గుల్లలో పట్టినంత మందు పట్టదు. అందుకని ఆ తూటా అంత దూరం పోదు. ఒహాయో, ఇల్లినాయ్ చాలావరకు చదునైన మొక్కజొన్న నేలలు. గుండును ఆపే కొండ ఉండదు. గురి తప్పితే పక్క ఊరి మనిషికి తగలకూడదన్న ఆలోచన అందులో ఉంది.

ఇప్పుడు మన కొండల్లోకి వద్దాం. నాటు తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. రైఫిల్ గొట్టంలో ఉండే మెలి గాళ్లు అందులో ఉండవు. ఆ గాళ్లు గుండును బొంగరంలా తిప్పి ముక్కు ముందుకే ఉండేలా చూస్తాయి. అవి లేనప్పుడు ఏమవుతుందో 1740ల్లోనే కొలిచి చెప్పినవాడు బెంజమిన్ రాబిన్స్. బరువైన చెక్క లోలకాన్ని వేలాడదీసి, దానిలోకి గుండు పేల్చి, లోలకం ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్క కట్టాడు. నున్నని గొట్టంలో గుండు గోడలకు రాసుకుంటూ వచ్చి, ఎటు పడితే అటు తిరుగుతూ బయటపడుతుందనీ, ఆ తిరుగుడు వల్ల గాలిలో దారి వంకరపోతుందనీ చెప్పాడు. తర్వాత ఆయన ఈస్టిండియా కంపెనీ ఇంజినీరుగా మన తూర్పు తీరానికే వచ్చి, 1751లో కడలూరు దగ్గర ఫోర్ట్ సెయింట్ డేవిడ్‌లో చనిపోయాడు.

రాబిన్స్ చెప్పిన తప్పులన్నీ నాటు తుపాకీలో ఉన్నాయి. గుండుకూ గొట్టానికీ మధ్య ఖాళీ ఉంటుంది కాబట్టి వాయువు పక్కనుంచి జారిపోతుంది. మందు ఎంత పోయాలో చేతి అంచనాయే, అందుకే ఒక్కో పేలుడుకు ఒక్కో వేగం. గుండు బదులు ఇనప ముక్కలు వేస్తే ఉన్న కాస్త శక్తీ ముక్కముక్కకూ పంచుకుపోతుంది. ఒక్కటీ ఛాతీ లోపలి దాకా దిగదు. ఒహాయోలోనూ ఇల్లినాయ్‌లోనూ అలా ముక్కలు దట్టించి జింకను కాల్చడానికి అనుమతి రాదు. కాల్చినవాడికీ భద్రత లేదు. ఫ్యాక్టరీ గొట్టాన్ని మామూలు కంటే ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసి, తట్టుకుంటేనే ముద్ర వేసి అమ్ముతారు. నాటు గొట్టానికి ఆ పరీక్ష ఎవరు చేశారు? అతుకు దగ్గర అది పగిలితే పోయేది కాల్చినవాడి వేళ్లో కళ్లో.

పంటలు పాడవుతున్నాయి కదా, రైతు ఏం చేయాలి అన్న ప్రశ్న న్యాయమైనదే. 1959 ఆయుధాల చట్టంలో దానికి చోటుంది. ఆత్మరక్షణకో క్రీడకో వాడే 20 అంగుళాలకు తగ్గని నున్నని గొట్టం తుపాకీకి, నిజమైన పంట కాపలాకు మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు అడిగే వీలును 13వ సెక్షన్ ఇచ్చింది. ఈ 20 అంగుళాల హద్దుకు దుప్పి ప్రాణంతో సంబంధం లేదు. తుపాకీని చొక్కా కింద దాచుకోకుండా ఉండాలన్నదే దాని ఉద్దేశం. పైగా పంట కాపలా లైసెన్సు వేట లైసెన్సు కాదు. పంటకో మనుషులకో ప్రమాదంగా మారిన జంతువును చంపాలంటే అటవీ శాఖ విడిగా అనుమతి రాసి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా దుప్పిని చంపితే జైలుశిక్ష పడుతుంది. పొలం చుట్టూ కరెంటు తీగ పెట్టడం ఇంకా ఘోరం. అది పందికీ దుప్పికీ తెల్లారగట్ల నీళ్లు పెట్టడానికి వెళ్లే రైతుకీ తేడా చూపదు.

మన ప్రాంతంలో అడవి జంతువు మీద చంపకుండా పట్టుకోవడానికి చట్టబద్ధంగా గురిపెట్టే తుపాకీ మాత్రం ఒకటుంది. అది మత్తు తుపాకీ. 2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కిడిసింగి దగ్గర ఎలుగుబంటి మనుషుల మీద దాడి చేసినప్పుడు దాన్ని మత్తు ఇచ్చి పట్టుకున్నారు. ఇందులోనూ గొట్టం, ఒత్తిడి, దూరం లెక్కలే, కాకపోతే తలకిందులుగా. ఇక్కడ శక్తి ఎక్కువైతే ప్రమాదం. సూదితో ఎగిరే మత్తుమందు సిరంజి, దగ్గరి నుంచి ఎక్కువ వేగంతో తగిలితే కండలో లోతుకు దిగి ఎముకను విరగ్గొట్టగలదు. తక్కువైతే చర్మం దాటకుండా జారి పడిపోతుంది. అందుకే వెటర్నరీ డాక్టరు ముందు జంతువు ఎంత దూరంలో ఉందో కొలుస్తాడు, బరువు అంచనా వేసి మందు మోతాదు నిర్ణయిస్తాడు, ఆ దూరానికి సరిపోయేంత గాలి ఒత్తిడి మాత్రమే పెట్టి, తొడ కండకు గురిచూస్తాడు.